రావులపాలెంలో చీరల కొట్టు పెట్టాలనుకుంటున్నాం, 6 లక్షలు చాలుతాయా?

లంకపిల్ల:
అందరికీ నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర లంక ఊరు. నేనూ మా తోటికోడలూ కరోనా అప్పటి నుంచి ఇంట్లోనే చీరలు అమ్ముతున్నాం. వాట్సాప్‌లో ఫొటోలు పెడితే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. ఇప్పుడు రావులపాలెంలో మెయిన్ రోడ్డు నుంచి రెండో సందులో షాపు ఒకటి ఖాళీ అయింది. అద్దె నెలకు 12 వేలు, అడ్వాన్స్ లక్ష అంటున్నారు. చేతిలో 4 లక్షలు ఉన్నాయి, బంగారం పెట్టి ఇంకో 2 లక్షలు తెస్తాం. చీరలు, కుర్తీలు, పిల్లల ఫ్రాకులు అన్నీ పెట్టాలని మా తోటికోడలి ఆలోచన. ఈ నెల (2025 నవంబరు) 26 నుంచి శుక్ర మూఢం కాబట్టి ఈలోపే ప్రారంభం చేసెయ్యమని అత్తగారి తొందర. సంక్రాంతి బేరం పోతుందేమోనని నాకూ భయంగానే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

పాలకొల్లు_కొట్టు:
ముందు ఆ 6 లక్షలు విడగొట్టి చూడమ్మా. అడ్వాన్స్ లక్ష పోయింది. రాకులు, గ్లాసు, లైట్లు, బోర్డు, కింద పరుపులు, ఎంత పొదుపుగా చేసినా లక్షన్నర. మూడు నెలల ఖర్చు ఇంకో లక్ష పక్కన పెట్టుకుని దాన్ని ముట్టుకోకూడదు. సరుక్కి మిగిలింది రెండున్నర లక్షలు. అందులో చీరలు, కుర్తీలు, ఫ్రాకులు మూడూ పెడితే ఏదీ నిండుగా కనపడదు. కుర్తీ ఒక డిజైను తేవాలంటే ఎమ్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా సెట్టు తీసుకోవాలి. ఎల్, ఎక్సెల్ రెండ్రోజుల్లో పోతాయి, ఎమ్ ఏడాది వేలాడుతుంది. ఫ్రాకులకైతే 16 నుంచి 34 దాకా సైజులు. మీ డబ్బు సైజుల్లో ఇరుక్కుపోతుంది.

మాది నాన్నగారి కాలం నాటి కొట్టు. పట్టు చీరలు అద్దాల్లో ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి. రోజూ గల్లాపెట్టెలో డబ్బు పడేది మాత్రం లైనింగ్ గుడ్డ, రూబియా (జాకెట్టు గుడ్డ), ఫాల్స్, ఇన్‌స్కర్టులు, నైటీల మీద. వాటికి ఫ్యాషన్ పోవడం ఉండదు. ఈ ఏడాది అమ్మని నీలం రంగు ఇన్‌స్కర్టు వచ్చే ఏడాదీ అదే రేటుకు అమ్ముతాం. మీరు మ్యాచింగ్ సెంటరు పెట్టి, పక్కన 300 నుంచి 1,200 లోపు చీరలు పెట్టుకోండి.

రీల్స్‌రాణి:
కాకినాడ నుంచి హాయ్ అక్కా. అసలు షాపు ఎందుకు? ఆ అడ్వాన్సూ రాకుల డబ్బూ కలిపితే రెండున్నర లక్షల సరుకు వస్తుంది. నేను ఇన్‌స్టాలో లైవ్ పెడతాను, ఇంట్లో ముందుగదే నా షాపు. ఒక లైట్ స్టాండు, ఒక ఫోను, చీర కట్టి చూపించడానికి మా పిన్ని. స్క్రీన్‌షాట్ పంపినవాళ్లకే బుకింగ్. హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. అద్దె టెన్షన్ లేదు.

షట్టర్_దించేశా:
పాపం, అద్దె టెన్షన్ లేదు గానీ రిటర్నుల టెన్షన్ సంగతి చెప్పలేదు ఈ అమ్మాయి 🙂

రీల్స్‌రాణి:
చెప్తానన్నా, ఆగండి. మొదట్లో క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాను. పార్శిల్ వెళ్లాక ఫోన్ ఎత్తరు, లేకపోతే "మా ఆయన వద్దన్నారు" అంటారు. పోను, రాను రెండు చార్జీలూ మన నెత్తినే. ఒక చీర మీద 150 మిగిలితే, ఒక పార్శిల్ వెనక్కి వస్తే అంతా దానికే సరి. ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో కూడా అమ్మాను, పేరు వద్దులెండి. నేను పంపింది కొత్త జార్జెట్, వెనక్కి వచ్చింది అంచు చిరిగిన పాత చీర. కంప్లైంట్ పెడితే "రుజువు చాలదు" అని కేసు మూసేశారు. ఇప్పుడు ముందే డబ్బు, పార్శిల్ విప్పేటప్పుడు వీడియో ఉంటేనే రిటర్న్. దాంతో ఆర్డర్లు సగానికి పడ్డాయి, కానీ మిగిలినవి నికరం.

ఇంకో విషయం అక్కా. చాలా కొరియర్లలో తూకం అర కేజీ లెక్కన ఉంటుంది. కాస్త బరువున్న చీర, అట్టపెట్టె కలిస్తే 500 గ్రాములు దాటిపోయి రెండో స్లాబులో పడుతుంది. పెట్టె మానేసి కవర్‌లో పంపండి.

లెక్కలపంతులు:
రాజమండ్రిలో చిన్న వ్యాపారుల పద్దులు చూస్తుంటాను. అందరూ సరుకు గురించే మాట్లాడుతున్నారు, నేను అంకెలు చెప్తాను.

500కి కొన్న చీర 650కి అమ్మితే "30 శాతం లాభం" అంటారు. అది కొన్న ధర మీద. అమ్మిన ధర మీద చూస్తే 150 బై 650, అంటే 23 శాతం. ఖర్చులు కట్టేది అమ్మకంలోంచి కాబట్టి ఈ 23 శాతమే మీది. అద్దె 12 వేలు, ఒక అమ్మాయిని పెట్టుకుంటే 9 వేలు, కరెంటు, టీలు, కవర్లు 3 వేలు, బంగారం వడ్డీ 2 వేలు అనుకోండి, మొత్తం 26 వేలు. దాన్ని 23 శాతంతో భాగిస్తే నెలకు లక్షా 13 వేల అమ్మకం. అది మీరిద్దరూ ఒక్క రూపాయి తీసుకోకుండా సున్నా దగ్గర ఆగడానికి. ఇద్దరూ చెరో 10 వేలు తీసుకోవాలంటే ఖర్చు 46 వేలు అవుతుంది, అమ్మకం 2 లక్షలకు చేరాలి.

2 లక్షలు అమ్మాలంటే కొన్న ధరలో సుమారు లక్షా 54 వేల సరుకు కదలాలి. మీ కొట్టులో ఉన్నదే రెండున్నర లక్షలది. అంటే ఏడు వారాలకోసారి సరుకంతా మారిపోవాలి.

పాలకొల్లు_కొట్టు:
పంతులుగారి లెక్క చూసి గుండె జారింది. చీరల కొట్టులో సరుకు ఏడాదికి నాలుగుసార్లు తిరిగితే బాగా తిరిగినట్టే. మ్యాచింగు, నైటీలు అయితే ఇంకా త్వరగా తిరుగుతాయి, లాభం శాతం కూడా ఎక్కువే. నేను పైన అన్నది అందుకే.

లంకపిల్ల:
పంతులుగారూ, రాత్రి మా ఆయనకు ఆ లెక్క చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదండి, కాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ వేసుకున్నారు 🙁 జీఎస్టీ కూడా కట్టాలా? మూడు నెలల కిందట రేట్లు మారాయి కదా?

లెక్కలపంతులు:
మన రాష్ట్రంలో సరుకు అమ్మే వ్యాపారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ అమ్మకం 24 లక్షల లోపే. కాకపోతే మామూలు సరుకు పక్క రాష్ట్రానికి ఒక్కటి అమ్మినా జీఎస్టీ నంబరు తీసుకోవాల్సిందే. హైదరాబాద్ ఆర్డర్ల గురించి పైన ఒక అమ్మాయి రాసింది కదా, ఆమె కూడా చూసుకోవాలి. నంబరు లేకపోతే సూరత్ హోల్‌సేల్ వాడు బిల్లులో వేసిన పన్ను మీకు ఖర్చు కిందే పోతుంది, వెనక్కి రాదు.

రేట్లు మారింది సెప్టెంబరు 22న, ఇంకా మూడు నెలలు కాలేదు. కుట్టిన బట్టలు ఇంతకు ముందు వెయ్యి దాటితే 12 శాతం. ఇప్పుడు ఒక్కో పీసు 2,500 దాకా 5 శాతం, దాటితే 18. చీర కుట్టని గుడ్డ కాబట్టి ధర ఎంతైనా 5 శాతంలోనే ఉంటుంది. లెహంగాలు, పెళ్లి గౌన్లు పెట్టేవాళ్లకే ఆ 2,500 గీత తలనొప్పి. ఇక 50 వేలు దాటిన పార్శిల్ కి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ సైటులో తీసే పత్రం) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే దారిలో ఆగిపోతుంది.

రీల్స్‌రాణి:
అమ్మో. రేపే మా ఆడిటర్ దగ్గరికి వెళ్తా.

షట్టర్_దించేశా:
నాది తణుకు. పేరులోనే ఉంది కదా సంగతి. బాగా నడిచిన రోజులు కూడా ఉన్నాయి, ఆ మాట ముందు చెప్పాలి. ఒక సంక్రాంతికైతే భోగి రాత్రి పదకొండింటికి కూడా జనం చెప్పులు బయట విడిచి లోపల కూర్చున్నారు. కొత్త అల్లుళ్లకు పెట్టే ప్యాంటు, షర్టు గుడ్డలు మీటరు లెక్కన కోస్తూ కోస్తూ నా బొటనవేలు కత్తెరకి ఒరుసుకుపోయింది.

తర్వాత మెయిన్ రోడ్డులో పెద్ద షోరూం వచ్చింది. ఏసీ, లిఫ్టు, గుమ్మంలో పన్నీరు చల్లే అమ్మాయిలు. పెళ్లి బేరాలన్నీ అటే పోయాయి. నా దగ్గరికి ఎవరొచ్చేవాళ్లు? అక్కడ అరువు దొరకనివాళ్లు. మా బావమరిది పెళ్లి బట్టల డబ్బు ఇంకా రావాలి, వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

దానికి తోడు హోల్‌సేల్ ఆయన ఒకాయన, ఊరు కూడా చెప్పను. ఫొటోలో ఒక బట్ట చూపించి, పార్శిల్ పై వరస అదే పెట్టి, కింద పాత డిజైన్లు కూరాడు. ఫోన్ చేస్తే "వచ్చే లోడులో సర్దుతా" అన్నాడు. ఆ వచ్చే లోడు ఇప్పటికీ దారిలోనే ఉంది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని ఊరికే అనలేదు.

లంకపిల్ల గారూ, సరుకు చూడకుండా తెప్పించుకోవద్దు. పార్శిల్ ఆఫీసులోనే ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాయితం మీద సంతకం పెట్టకముందు మూట కుట్టు చూడండి. విప్పి మళ్లీ కుట్టిన మూటకి దారం రంగు తేడాగా ఉంటుంది.

కత్తెర_భీమవరం:
నేను టైలర్ని. షట్టరన్నా, అరువు లేకుండా మా వైపు ఎవడూ గుడ్డ అమ్మలేడు. రొయ్యల చెరువు పట్టుబడి అయితేనే డబ్బు, అప్పటిదాకా నోటిమాటే. ఈ ఆగస్టులో అమెరికా వాళ్లు సుంకం 50 శాతానికి పెంచాక రొయ్య రేటు దెబ్బతింది. దసరాకి నా దగ్గర కుట్టుడు కూడా తగ్గిపోయింది, ఇక బట్టల కొట్లు ఎంత.

షట్టర్_దించేశా:
అదే కదా నేను చెప్పేది! రొయ్య పడిపోతే నా చీర డబ్బు కూడా చెరువులోనే ఉండిపోవాలా?

కత్తెర_భీమవరం:
ఉండిపోదు, ఆలస్యం అవుతుంది. నాకు మాత్రం ఇచ్చేశారు ఎప్పుడూ. మీ బావమరిది సంగతి వేరు 🙂

పాలకొల్లు_కొట్టు:
ఇద్దరి మాటా నిజమే గానీ, కొట్టు కొత్తది. అరువు అడిగేవాళ్లు మొదటి నెలలోనే వస్తారు, చుట్టాలే ముందు వస్తారు. నేను పాటించే పద్ధతి ఇది. సగం డబ్బు కౌంటర్ మీద పెట్టాకే చీర కవర్లో వేస్తాను. మిగతా సగం పద్దులో వాళ్ల చేతే రాయిస్తాను, తేదీతో సహా. తన చేత్తో రాసినవాడికి ఎగ్గొట్టడానికి కొంచెం మొహమాటం ఉంటుంది. పాత బాకీ తీరకుండా రెండో చీర లేదు, అది మా పెద్దమ్మాయి అత్తగారైనా సరే. ఆవిడ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

ఇక ముహూర్తం సంగతి. అత్తగారు చెప్పింది నిజమే, నవంబరు 26 నుంచి ఫిబ్రవరి 17 దాకా మూఢం. ప్రారంభానికి ఒక్కటే కాదమ్మా, బేరానికి కూడా ఇది చూసుకోవాలి. ఇంచుమించు ఆ మూడు నెలలూ పెళ్లిళ్లు ఉండవు. పెళ్లిళ్లు లేకపోతే చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు కదలవు. చిన్న కొట్టుకి అన్నం పెట్టేది అవే. పెళ్లివాళ్లు ఒక్కసారే యాభై, అరవై తీసుకుంటారు. చుట్టాలకు పెట్టేవి కాబట్టి రంగు నచ్చలేదనే పేచీ ఉండదు. మిగిలిన పదీ పన్నెండూ తిరిగి తీసుకుంటానని ముందే మాటివ్వండి, ఆ మాట కోసమే మీ దగ్గరికి వస్తారు. షోరూం వాడు తీసుకోడు.

పోనీ సంక్రాంతి ఉంది కదా అంటారేమో. ఉంది. అయితే అక్టోబరు చివర్లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు సార్వా (తొలకరి వరి) చేలు పడిపోయినవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. తడిసిన ధాన్యం అమ్ముకుని పండక్కి పిల్లలకు కొంటారు, పెద్దవాళ్లు తమకి కొనుక్కోరు. ఈ సంక్రాంతిని నమ్ముకుని షాపు నింపొద్దు.

లంకపిల్ల:
బాబాయ్‌గారూ (అలా పిలవచ్చా?), అయితే ఎప్పుడు పెట్టమంటారు? మా ఊళ్లో కూడా వరి పడిపోయింది, అరటి అయితే విరిగిపోయింది. మీరన్నది కళ్ల ముందే ఉంది.

పాలకొల్లు_కొట్టు:
పిలవమ్మా, దానికేం. సంక్రాంతికి ఇప్పటిలాగే ఇంట్లోంచి అమ్మండి. మూఢం వెళ్లాక ఫిబ్రవరి చివర్లో మంచిరోజు చూసుకుని తెరవండి. మార్చి 19 ఉగాది. అక్కడి నుంచి మే సగం దాకా పెళ్లిళ్లు, దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ఆ డబ్బు చేతుల్లో ఆడుతుంది. ఇంకో సంగతి పంచాంగంలో చూసుకోండి, వచ్చే ఏడు అధిక జ్యేష్ఠం. మే 17 నుంచి జూన్ 15 దాకా ముహూర్తాలు లేవు. జూలై సగం నుంచి ఆషాఢం. శ్రావణం ఆగస్టు సగానికి గాని రాదు. ఏప్రిల్‌లో బేరాలు చూసి ఉబ్బిపోయి మే నెలకి కొత్త లోడు ఎత్తితే, అది శ్రావణం దాకా ర్యాకుల్లోనే పడుకుంటుంది.

లెక్కలపంతులు:
ఇది రాసి గోడకి అంటించుకోవాల్సిన మాట. నేను చూసే మూడొంతుల కొట్లలో నష్టం అమ్మకం లేక కాదు, బేరం బాగున్నప్పుడు ఎత్తిన సరుకు వల్లే.

జరీఅంచు:
ఉప్పాడ దగ్గర మా ఇంట్లో మగ్గాలున్నాయి. అక్కా, ఒక నాలుగు మంచి చేనేత చీరలైనా పెట్టండి, కొట్టుకి ఒక మర్యాద. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ పేరుతో పవర్‌లూమ్ చీర 1,500కి కూడా అమ్ముతున్నారు. అంత తక్కువకి అసలుది రాదు. పెద్ద బుటాల చీరకి మగ్గం మీద ఇద్దరు కూర్చుని, పువ్వు పువ్వుకీ విడి దారం చేత్తో దూర్చాలి.

చూసుకోవడం తేలిక. చీర తిప్పి వెనక వైపు చూడండి. జాందానీలో పువ్వు ముందు ఎలా ఉందో వెనకా అలాగే ఉంటుంది. పవర్‌లూమ్ దాంట్లో పువ్వుకీ పువ్వుకీ మధ్య తేలిన దారాలు, లేకపోతే కత్తిరించిన పోగులు చేతికి గరుకుగా తగులుతాయి. ఆ నాలుగు చీరలూ మీ డబ్బు పెట్టి కొనకండి. తెలిసినవాళ్లు మధ్యలో ఉంటే అమ్ముడుపోయాక డబ్బిచ్చే పద్ధతిలో మాస్టర్ వీవర్లు ఇస్తారు. రోజువారీ కాటన్ కావాలంటే అమలాపురం పక్కన బండారులంక మీకు దగ్గరే.

మన వైపు గాలిలో తేమ ఎక్కువ కదా, ఇది మాత్రం మర్చిపోకండి. పట్టుచీర పాలిథీన్ కవర్లో ఉంచితే జరీ నల్లబడుతుంది. తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. నెలకోసారి మడత మార్చండి, ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే చిరుగుతుంది. వానాకాలం తెల్ల కాటన్ మీద బూజు చుక్కలు వస్తే ఇక అది సగం ధరకే.

లంకపిల్ల:
వానాకాలం అంటే గుర్తొచ్చింది, మాది లంక కాబట్టి గోదావరి వరద మాకు అలవాటే. 2022 జూలైలో చీరల మూటలన్నీ మంచాల మీద మంచాలేసి పైకెక్కించాం. షాపుకి ఆ భయం లేదు, రోడ్డు ఎత్తులో ఉంది.

సరుకు ఎక్కడ కొనమంటారు? ఇప్పటిదాకా ద్వారపూడి నుంచి తెచ్చుకుంటున్నాం. సూరత్ వెళ్తే సగానికి సగం తక్కువని మా తమ్ముడు అంటున్నాడు.

పాలకొల్లు_కొట్టు:
సగానికి సగం ఏమీ కాదు. అక్కడ సెట్టు లెక్కన ఇస్తారు, ఒక డిజైనులో ఆరో ఎనిమిదో రంగులు. అందులో రెండు రంగులు మన వాళ్లు ముట్టుకోరు. రానూపోనూ టికెట్లు, గది, లారీ బాడుగ కలిపి ఆ తేడా లెక్కేసుకోండి. మీ డబ్బుకి ద్వారపూడి, రాజమండ్రి తాడితోట మార్కెట్టు చాలు. ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తారు, విడి పీసులు ఏరుకోవచ్చు, నచ్చనిది వారంలో మార్చుకోవచ్చు. నైటీలు, ఇన్‌స్కర్టులు ఎక్కువ అమ్ముడయ్యాక ఈరోడ్ సంగతి ఆలోచిద్దాం.

కత్తెర_భీమవరం:
ఒక మాట నాదీ. ఫాల్, పీకో మిషను కొట్టులోనే పెట్టండమ్మా. ఎక్కడ కొన్న చీరకైనా కుడతామని బోర్డు రాయండి. షోరూంలో కొన్నవాళ్లు కూడా ఫాల్ వేయించుకోడానికి మీ దగ్గరికి వస్తారు. చీర ఇచ్చి ఒకసారి, తీసుకెళ్లడానికి ఇంకోసారి. వచ్చిన ఆడవాళ్లు మ్యాచింగ్ లైనింగు, ఇన్‌స్కర్టు తీసుకోకుండా వెళ్లరు.

లంకపిల్ల:
మా తోటికోడలికి మిషను బాగా వచ్చండి! ఆ మాట చెప్తే తనకి ఫ్రాకుల పిచ్చి వదిలింది. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అద్దె షాపు ఆయన ఫిబ్రవరి దాకా ఆగనంటే పోనీ అనుకున్నాం. బంగారం ఇప్పుడే పెట్టం. సంక్రాంతికి ఇంట్లోనే, నైటీలూ లైనింగూ కూడా తెచ్చి చూస్తాం. అత్తగారు మాత్రం మాలో ఎవరితోనూ మాట్లాడట్లేదు 🙂

లెక్కలపంతులు:
షాపు తీసుకునేటప్పుడు ముద్రా లోను అడగండి. 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్. బంగారంతో పని లేకుండా తాకట్టు లేని అప్పు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

షట్టర్_దించేశా:
లంకపిల్ల గారూ, నా దగ్గర రాకులు, గ్లాసు కౌంటరు ఒకటి, బట్టలు తొడిగే బొమ్మలు రెండు మా పెంకుటింట్లో పడున్నాయి. ఫిబ్రవరిలో తణుకు వచ్చి చూసుకోండి. కొత్తవాటిలో మూడో వంతుకి ఇస్తాను.

లంకపిల్ల:
అయ్యో, చాలా సంతోషమండి. నాలుగో వంతుకి చెయ్యండి, లారీ బాడుగ మాదే కదా.

షట్టర్_దించేశా:
బేరం బాగానే వచ్చే మీకు! సరే రండి, మాట్లాడుకుందాం. ఒక బొమ్మకి ఎడం చెయ్యి లేదు, తర్వాత నన్ననొద్దు.

కత్తెర_భీమవరం:
పైట ఎడం వైపే కదా, కప్పేస్తుందిలెండి.